కోడ్ ముక్కలు, సర్వర్ నోట్సు: పంచుకునేవారి ప్రశ్నలకు సమాధానాలు

ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ ఉన్నాయి. ఒకరు రాసుకున్న స్క్రిప్టును గానీ, సర్వర్ ఏర్పాటు చేసుకున్న పద్ధతిని గానీ మరొకరికి ఇచ్చినప్పుడు వచ్చే చిక్కులే అవి. ఆ ముక్కలలో తప్పులు ఉండటం అరుదు. ఏ యంత్రం మీద, ఏ వెర్షన్‌లో, ఎవరి అనుమతులతో అది పనిచేసిందో చెప్పకుండా ఇవ్వడమే ఎక్కువ నష్టం చేస్తోందని నా అభిప్రాయం. అందుకే ఈ సంచికలో మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా చిన్న సంస్థ వెబ్‌సైటును సర్వర్‌పైకి పంపే స్క్రిప్టును నలుగురికీ ఉపయోగపడుతుందని కోడ్‌ను పంచుకునే గిట్‌హబ్ సైటులో అందరికీ కనిపించే రిపాజిటరీలో (కోడ్ నిల్వలో) పెట్టాను. అందులో డేటాబేస్ పాస్‌వర్డు, క్లౌడ్ ఖాతా కీ ఉన్నాయని అరగంట తర్వాత గమనించి, ఆ ఫైలును తీసివేసి మళ్లీ కమిట్ చేశాను (మార్పును నమోదు చేశాను). ఇది సరిపోతుందా?
పాఠకురాలు, గుంటూరు

సమాధానం: సరిపోదండీ. గిట్ అనేది ప్రతి మార్పునూ దాచి ఉంచడానికే పుట్టిన పనిముట్టు. మీరు తీసివేసిన ఫైలు అంతకు ముందటి కమిట్‌లో అక్షరం చెదరకుండా ఉంటుంది, చరిత్రను వెనక్కి తిప్పి చూసే ఎవరికైనా కనిపిస్తుంది. చరిత్రను తిరగరాసే పనిముట్లు ఉన్న మాట నిజమే గానీ, ఆలోపు ఎవరైనా క్లోన్ చేసుకుని (మొత్తం నకలు తీసుకుని) ఉంటే వారి కంప్యూటర్‌లోని నకలు మీ చేతిలో ఉండదు. బహిరంగ రిపాజిటరీలలో క్లౌడ్ కీల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి కనుక, అరగంట అనేది చాలా ఎక్కువ సమయం.

కాబట్టి ముందుగా చేయవలసిన పని ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం, డేటాబేస్ పాస్‌వర్డును మార్చడం. ఆ తర్వాత క్లౌడ్ ఖాతా లాగ్‌లలో మీరు ఎరుగని సర్వర్లు ఏవైనా మొదలయ్యాయా అని, మీరు సాధారణంగా వాడని ప్రాంతాలన్నిటితో సహా, చూడండి. చరిత్రను శుభ్రం చేయడం చివరి పని. చాలామంది దీనినే ముందు మొదలుపెట్టి, పాత కీ బతికి ఉండగానే రెండు మూడు గంటలు వృథా చేసుకుంటారు.

ఇలాంటి పొరపాటు ఎంతకాలం కనిపించకుండా ఉండగలదో చెప్పడానికి టయోటా ఉదంతం చాలు. ఆ సంస్థ కార్లను ఇంటర్నెట్‌తో కలిపే టీ-కనెక్ట్ సేవకు చెందిన కోడ్‌లో కొంత భాగాన్ని ఒక సబ్‌కాంట్రాక్టరు 2017 డిసెంబరులో గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉంచగా, అందులోని సర్వర్ యాక్సెస్ కీ 2022 సెప్టెంబరు దాకా ఆ సంస్థ కంట పడలేదు. ఆ కీతో చేరుకోగలిగిన వివరాలు 2,96,019 మంది ఖాతాదారుల ఈమెయిల్ చిరునామాలు, ఖాతాదారు సంఖ్యలు.

ఇకపై పంచుకునేటప్పుడు రహస్య విలువలను వేరే ఫైలులో పెట్టి, స్క్రిప్టు ఆ ఫైలు నుంచి చదువుకునేలా రాయండి. ఆ ఫైలు పేరును గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో, చేర్చండి. అయితే ఒకసారి కమిట్ అయిన ఫైలును గిట్‌ఇగ్నోర్ ఆపలేదు కనుక, ఈ పని మొదటి కమిట్‌కు ముందే జరగాలి. ఖాళీ విలువలతో ఒక నమూనా ఫైలును తోడుగా ఇస్తే, తీసుకున్నవారికి ఏమేమి నింపాలో తెలుస్తుంది. కొన్ని సేవల కీలకు ఒక స్థిరమైన ఆకృతి ఉండటం వల్ల గిట్‌హబ్ వాటిని గుర్తుపట్టి అడ్డుకోగలుగుతుంది గానీ, మీరు సొంతంగా పెట్టుకున్న డేటాబేస్ పాస్‌వర్డును అది పోల్చుకుంటుందని ఆశ పెట్టుకోకండి. గిట్‌హబ్‌లో చిన్న కోడ్ ముక్కలు పెట్టే గిస్ట్‌లలో "సీక్రెట్" అన్న రకం ఉన్నా, అది వెతుకులాటలో కనబడదంతే. లింకు దొరికినవారందరికీ తెరుచుకుంటుంది.

చిరునామాల విషయం కూడా ఇక్కడే చెబుతాను. మీ అసలు సర్వర్ ఐపీని తీసివేసి, నోటికి వచ్చిన అంకెలు వేయకండి. ఆ అంకెలు మరొకరి యంత్రానివి కావచ్చు. ఉదాహరణల కోసమే ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ 2010లో 192.0.2.0, 198.51.100.0, 203.0.113.0తో మొదలయ్యే మూడు వరుసలను విడిగా ఉంచింది. ఒక్కో వరుసలో 256 చిరునామాలు ఉన్నాయి. ఎగ్జాంపుల్ డాట్ కామ్ అనే డొమైన్‌ను 1999లోనే ఇదే పనికి కేటాయించారు. ఈ పేర్లు వాడితే, చదివినవారు మార్చడం మరిచిపోయినా ఎవరి సర్వర్‌కూ ఇబ్బంది కలగదు.

ప్రశ్న: స్నేహితుడు ఇచ్చిన బ్యాకప్ స్క్రిప్టు చేత్తో నడిపితే చక్కగా పనిచేస్తోంది. నిర్ణీత సమయానికి పనులు నడిపే క్రాన్‌లో రాత్రి 2 గంటలకు పెడితే మాత్రం ఉదయం 7:30కి నడుస్తోంది, పైగా బ్యాకప్ ఫైలు దాదాపు ఖాళీగా వస్తోంది. స్క్రిప్టులో లోపమా, సర్వర్‌లో లోపమా?
పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: రెండింటిలోనూ లోపం లేదు. మీ స్నేహితుడి సర్వర్‌కూ మీ సర్వర్‌కూ ఉన్న తేడాను స్క్రిప్టుతో పాటు చెప్పకపోవడమే చిక్కు. సమయం సంగతి ముందు చూద్దాం. క్లౌడ్‌లో తీసుకున్న సర్వర్లు సాధారణంగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంలో ఉంటాయి, మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. అక్కడి 2 గంటలు మనకు ఉదయం 7:30. మన రాత్రి 2 గంటలకు నడవాలంటే క్రాన్‌లో 20 గంటల 30 నిమిషాలు అని రాయాలి. అది యూటీసీ లెక్కలో ముందటి రోజు కనుక, వారంలో ఫలానా రోజు అని పెట్టుకున్నవారు ఆ రోజును కూడా ఒకటి వెనక్కి జరపాలి. లేదా సర్వర్ టైమ్‌జోన్‌ను ఏషియా కోల్‌కతాకు మార్చి, క్రాన్ సేవను ఒకసారి రీస్టార్ట్ చేయవచ్చు. వేర్వేరు దేశాలలో సర్వర్లు ఉన్నవారు వాటన్నిటినీ యూటీసీలోనే ఉంచి, నోట్సులో రెండు సమయాలూ రాసుకోవడం మంచిదని నా సలహా.

ఖాళీ ఫైలు సంగతికి వద్దాం. మీరు లాగిన్ అయినప్పుడు షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రాము) మీ ప్రొఫైల్ ఫైళ్లను చదివి, కమాండ్లు ఎక్కడెక్కడ వెతకాలో తెలుసుకుంటుంది. క్రాన్ ఆ ఫైళ్లను చదవదు, దానికి తెలిసిన చోట్లు చాలా కొద్ది. మీ డంప్ కమాండ్ (డేటాబేస్ నకలు తీసేది) ఆ చోట్లలో లేకపోతే అది నడవదు. కానీ షెల్ అవుట్‌పుట్ ఫైలును కమాండ్ కంటే ముందే తెరుస్తుంది కనుక ఫైలు మాత్రం పుడుతుంది. డంప్ అవుట్‌పుట్‌ను పైపు ద్వారా నేరుగా, ఫైళ్లను కుదించే జీజిప్‌కు పంపుతున్నట్లయితే మరో ప్రమాదం ఉంది. డంప్ విఫలమైనా జీజిప్ తన పని తాను చేసి, ఏమీ లేని ఇన్‌పుట్‌ను 20 బైట్ల ఫైలుగా కుదించి, అంతా సవ్యమేనన్న సంకేతం ఇస్తుంది. బ్యాష్ అనే షెల్‌లో నడిచే స్క్రిప్టు మొదట్లో పైప్‌ఫెయిల్ అమరికను పెడితే, పైపులో ఏ కమాండ్ విఫలమైనా ఆ వైఫల్యం బయటికి వస్తుంది. కమాండ్లకు పూర్తి పాత్‌లు (అవి ఉన్న చోటు చిరునామాలు) రాస్తే మొదటి చిక్కూ తీరుతుంది.

క్రాన్ వరుసలోనే ఫైలు పేరుకు తేదీ తగిలిస్తున్నారేమో కూడా చూసుకోండి. డేట్ కమాండ్‌కు శాతం గుర్తులు కావాలి, క్రాన్ పనుల జాబితా అయిన క్రాన్‌టాబ్‌లో శాతం గుర్తుకు మరో అర్థం ఉంది. మొదటి శాతం గుర్తు దగ్గర కమాండ్ ముగిసిందని క్రాన్ భావించి, మిగిలినదాన్ని ఆ కమాండ్‌కు ఇన్‌పుట్‌గా పంపుతుంది. ప్రతి శాతం గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. అంతకంటే మంచి పద్ధతి, క్రాన్‌టాబ్‌లో స్క్రిప్టు పేరు ఒక్కటే ఉంచి, తక్కినదంతా స్క్రిప్టు ఫైలులో రాయడం. అలా చేస్తే చేత్తో నడిపేదీ క్రాన్ నడిపేదీ ఒకటే అవుతుంది.

క్రాన్ తన తప్పులను మెయిల్‌లో పంపుతుంది. సర్వర్‌లో మెయిల్ ఏర్పాటు లేకపోతే అవి ఎవరికీ చేరవు. దీనిని చిన్న విషయమని తోసిపుచ్చకండి. 2017 జనవరి 31న, గిట్‌హబ్ లాంటి సేవను నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెప్లికా (నకలు) సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్‌లో డేటా డైరెక్టరీని తొలగించడం మొదలుపెట్టారు. ఒకటి రెండు క్షణాలలోనే ఆపినా, సుమారు 300 జీబీ పోయి 4.5 జీబీ మిగిలింది. రోజువారీ బ్యాకప్‌లు వెతికితే అవి లేవు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6లో ఉండగా డంప్ తీసే పనిముట్టు 9.2 వెర్షన్‌ది కావడంతో ప్రతి రోజూ విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి తెలిపే ఈమెయిళ్లను స్వీకరించే సర్వర్ తిరస్కరిస్తూ వచ్చింది. పరీక్ష కోసం ఆరు గంటల ముందు ఒకరు తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) వారిని కాపాడింది. ఆ రోజున వారు తమ పని నోట్సును అందరికీ కనిపించేలా ఉంచబట్టే ఈ పాఠం మనదాకా వచ్చింది, అందుకు వారి పట్ల నాకు గౌరవం ఉంది. మీరూ నెలకొకసారి ఒక బ్యాకప్‌ను వేరే యంత్రంలో రీస్టోర్ చేసి, పట్టికలలో వరుసలు లెక్కపెట్టి చూడండి.

ప్రశ్న: మా టీమ్‌లో కొత్తగా చేరినవారికి కమాండ్లను వాట్సాప్‌లో పంపుతుంటాను. నా దగ్గర పనిచేసినవే వారి దగ్గర ఎర్రర్ ఇస్తున్నాయి. వారు సరిగా కాపీ చేయడం లేదా?
పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: వారిని అనుమానించకండి, దారిలోనే కమాండ్ మారిపోతోంది. వాట్సాప్‌లో రెండు నక్షత్రపు గుర్తుల మధ్య ఉన్నది బొద్దుగా, రెండు అండర్‌స్కోర్‌ల మధ్య ఉన్నది వాలుగా మారి, ఆ గుర్తులు కనుమరుగవుతాయి. షెల్‌లో నక్షత్రపు గుర్తు అంటే "అన్ని ఫైళ్లూ" అని అర్థం కనుక, అది మాయమైన కమాండ్‌కూ ఉన్న కమాండ్‌కూ పొంతన ఉండదు. ఫోను కీబోర్డులు, వర్డ్ వంటి ప్రోగ్రాములు నిటారు కోట్‌లను వంపు కోట్‌లుగా, పక్కపక్కనున్న రెండు హైఫన్‌లను ఒక పొడవైన గీతగా మార్చేస్తాయి. కంటికి తేడా తెలియదు గానీ షెల్‌కు వంపు కోట్ అనేది కోట్ కానే కాదు.

వాట్సాప్‌లో పంపక తప్పకపోతే, ముందూ వెనుకా మూడేసి బ్యాక్‌టిక్ గుర్తులు పెట్టండి. మధ్యలోని పాఠం ఉన్నదున్నట్లుగా ఉంటుంది. రెండు మూడు వరుసలు దాటితే ఫైలుగానే పంపండి. స్క్రీన్‌షాట్ పంపితే ఎదుటివారు మళ్లీ టైపు చేయాలి, అందులో చిన్న ఎల్, అంకె ఒకటి కలగలిసిపోతాయి. విండోస్‌లో తయారుచేసిన స్క్రిప్టు లినక్స్‌లో నడవకుండా "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని ఆగిపోతే, వరుస చివర విండోస్ అదనంగా చేర్చే ఒక కనిపించని గుర్తు అందుకు కారణం. డాస్‌టుయునిక్స్ అనే చిన్న పనిముట్టు దానిని తీసివేస్తుంది.

తీసుకునేవారికి కూడా ఒక మాట చెప్పండి. వెబ్‌పేజీ నుంచి కాపీ చేసినది నేరుగా టెర్మినల్‌లో అతికించవద్దు. పేజీలో కంటికి కనిపించని పాఠాన్ని కమాండ్ మధ్యలో ఇరికించి, కాపీ చేసినప్పుడు అది కూడా వచ్చేలా చేయడం సాధ్యమే. ముందు ఏదైనా ఎడిటర్‌లో అతికించి చదివి, ఆ తర్వాత టెర్మినల్‌కు తీసుకెళ్లాలి. 2020 చివరలో వచ్చిన బ్యాష్ 5.1 నుంచి, అతికించినది ఎంటర్ నొక్కేదాకా నడవకుండా ఆపే ఏర్పాటు మామూలుగానే అమలులో ఉంది, కానీ పాత సర్వర్లకు ఆ రక్షణ లేదు.

ప్రశ్న: మా టీమ్‌లో అందరం తెలుగువాళ్లమే. స్క్రిప్టులలో కామెంట్లు, సర్వర్ నోట్సు తెలుగులో రాస్తే ఏమైనా ఇబ్బంది ఉంటుందా?
పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: రాయండి. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయినప్పుడు, తనకు బాగా వచ్చిన భాషలో ఉన్న నోట్సును మనిషి వేగంగా, తప్పు లేకుండా చదువుతాడు. బ్యాష్, పైథాన్ వంటివి అన్ని భాషల అక్షరాలనూ దాచగల యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఉన్న తెలుగు కామెంట్లను ఏ అభ్యంతరమూ లేకుండా దాటిపోతాయి. ఫైలును భద్రపరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూడండి. పాత నోట్‌ప్యాడ్ మామూలుగా ఏఎన్‌ఎస్‌ఐలో భద్రపరిచేది, అందులో తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. యూటీఎఫ్-8 ఎంచుకుంటే ఫైలు మొదట్లో బీఓఎం అనే మూడు బైట్లను చేర్చేది, వాటి వల్ల స్క్రిప్టు మొదటి వరుసను లినక్స్ గుర్తించలేదు.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. "సర్వర్‌లో" అని రాసినప్పుడు రకారం కింద లావత్తు చేరకుండా విడిగా నిలబడటానికి, మధ్యలో వెడల్పు లేని ఒక అదృశ్య గుర్తును కీబోర్డు వేస్తుంది. కొందరు ఇంగ్లిష్ లిపిలోని ఫైలు పేరుకు తెలుగు విభక్తి తగిలించేటప్పుడు కూడా ఇది పడుతుంది. అక్కడి నుంచి ఫైలు పేరును కాపీ చేస్తే ఆ గుర్తు కూడా వెంట వస్తుంది, "అలాంటి ఫైలు లేదు" అని లినక్స్ అంటుంది, ఎంత చూసినా పేరు సరిగానే కనిపిస్తుంది. కాబట్టి కమాండ్లు, ఫైలు పేర్లు, పాత్‌లు విడి వరుసలో రాసి, వాటికి విభక్తులు తగిలించకండి. వివరణ తెలుగులో ఉన్నా, ఎర్రర్ సందేశాన్ని మాత్రం తెరపై వచ్చినట్లే మూలంలో ఉంచండి. రేపు మరొకరు అదే సందేశాన్ని వెతికితే మీ నోట్సు దొరకాలి.

ప్రశ్న: ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో దొరికిన కోడ్‌ను మా కంపెనీ ప్రాజెక్టులో వాడవచ్చా?
పాఠకుడు, డాలస్

సమాధానం: అక్కడి సమాధానాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. రాసినవారి పేరు, మూలం చెప్పాలి. మార్చి పంచితే అదే రకం లైసెన్సుతో పంచాలి. ఈ రెండో షరతు కంపెనీ కోడ్‌కు ఇబ్బంది కలిగించవచ్చు కనుక, ఆలోచన తీసుకుని సొంతంగా రాసుకోవడం, పెద్ద భాగమైతే న్యాయ విభాగాన్ని అడగడం క్షేమం. గిట్‌హబ్‌లో ఏ లైసెన్సూ లేకుండా ఉన్న కోడ్‌ను ఉచితమని అనుకోకండి, దాని హక్కులన్నీ రాసినవారివే. మీరు ఏదైనా పంచేటప్పుడు లైసెన్సు ఫైలు ఒకటి తప్పక చేర్చండి.

మూలం రాసుకోవడానికి చట్టం కాకుండా మరో కారణం ఉంది. ఆండ్రియాస్ లుండ్‌బ్లాడ్ అనే ప్రోగ్రామర్ 2010లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇచ్చిన జావా ముక్క, బైట్ల సంఖ్యను చదవడానికి వీలైన రూపంలో చూపేది, గిట్‌హబ్ ప్రాజెక్టులలోకి అత్యధికంగా నకలైన జావా ముక్క అని 2018 నాటి ఒక అధ్యయనం తేల్చింది. మరుసటి సంవత్సరం అందులో లోపం ఉందని ఆయనే వివరించారు. 9,99,999 బైట్లను 1.0 ఎంబీ అని చూపవలసింది 1000.0 కేబీ అని చూపుతోంది. లింకు కామెంట్‌గా పెట్టుకున్నవారు వెళ్లి సవరణ తెచ్చుకోగలిగారు, పెట్టుకోనివారికి తమ కోడ్‌లో ఆ ముక్క ఉందన్న సంగతే తెలిసి ఉండదు.

ప్రశ్న: రెండేళ్ల క్రితం నేను రాసుకున్న నోట్సు ప్రకారం కొత్త ఉబుంటు సర్వర్‌లో దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ సేవ పోర్టు (అది వినే ద్వారం సంఖ్య) మార్చాను. కాన్ఫిగ్ ఫైలులో కొత్త అంకె ఉన్నా సర్వర్ పాత 22లోనే వింటోంది. నోట్సు ఎలా రాస్తే పాతబడకుండా ఉంటుంది?
పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీ నోట్సు పాత ఉబుంటుకు సరైనదే. 22.10 నుంచి ఉబుంటులో ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్లను మొదట సేవలను నిర్వహించే సిస్టమ్‌డీ తెరిచిన సాకెట్ వింటుంది, సేవను మాత్రమే రీస్టార్ట్ చేస్తే సాకెట్ పాత పోర్టునే పట్టుకుని ఉంటుంది. 24.04లో కాన్ఫిగ్ మార్చాక సిస్టమ్‌డీ డెమన్‌ను రీలోడ్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి.

పాతబడని నోట్సు ఉండదు. పాతబడిందని చదివినవారికి తెలిసేలా రాయగలం. పై వరుసలోనే తేదీ, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, వెర్షన్ వేయండి. సెంటోస్ 7 అనే లినక్స్ రకానికి మద్దతు 2024 జూన్ 30తో ముగిసి, దాని ప్యాకేజీలు పాత చోటు నుంచి తరలిపోయాయి. వెర్షన్ లేని నోట్సు చేతిలో ఉన్న కొత్తవారికి ఇన్‌స్టాల్ కమాండ్ ఎందుకు పనిచేయడం లేదో తెలిసే దారి లేదు. వెబ్ సర్వర్ ప్రోగ్రాము అపాచీని డెబియన్ కుటుంబం (ఉబుంటు ఇందులోదే) అపాచీ2 అనీ, రెడ్‌హ్యాట్ కుటుంబం హెచ్‌టీటీపీడీ అనీ పిలుస్తాయి కనుక, కుటుంబం పేరు కూడా అవసరమే. మార్చిన ఫైలు మొత్తం అతికించకుండా, మార్పుకు ముందూ తర్వాతా ఉన్న తేడాను డిఫ్ రూపంలో ఇవ్వండి. ప్రతి అడుగు పనిచేసిందని ఎలా తెలుసుకోవాలో, పాత స్థితికి ఎలా వెళ్లాలో దాని పక్కనే రాయండి. "అనుమతులు 777 ఇస్తే చాలు" అనే వరుస, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేది, మీ నోట్సులో ఉంటే కొట్టివేయండి. ఏ యూజర్‌కు ఏ డైరెక్టరీలో రాసే హక్కు కావాలో కనుక్కుని అదే రాయండి.

ఇక మీ పోర్టు మార్పు నోట్సులో ఈ వరుస క్రమం చేర్చమని కోరుతున్నాను. సర్వర్‌లోని ఫైర్‌వాల్‌లో, క్లౌడ్ కన్సోల్‌లో విడిగా ఉండే ఫైర్‌వాల్‌లో కొత్త పోర్టును ముందే తెరవాలి. రెడ్‌హ్యాట్ కుటుంబమైతే ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థకు కూడా ఆ పోర్టు తెలపాలి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామైన ఎస్‌ఎస్‌హెచ్‌డీకి ఉన్న పరీక్ష ఐచ్ఛికంతో కాన్ఫిగ్ ఫైలులో తప్పులు లేవని చూసుకున్నాకే రీస్టార్ట్ చేయాలి. అప్పుడు కూడా ఇప్పటికే తెరిచి ఉన్న సెషన్‌ను మూయకుండా, రెండో కిటికీ నుంచి కొత్త పోర్టులో లాగిన్ అయి చూడాలి. అది తెరుచుకున్నాకే పాత పోర్టును ఫైర్‌వాల్‌లో మూసివేయాలి.